ఎనిమిదిలో ఎడమ సున్నా

గంట టైమిచ్చాడు అన్నయ్య, గోడ గడియారం వైపు వేలు చూపించి మరీ ఇచ్చాడు. "నాలుగింటిదాకా చూడవే. దొరికిందా, సరే. లేదంటే బ్రేకుల కంట్రోల్ పెట్టె మార్చి పారేద్దాం. సోమవారం నుంచి పనిలోకి వస్తానన్న ఆ ఎలక్ట్రీషియన్‌కి సరేనని ఫోన్ చేసేస్తాను. నువ్వు మళ్ళీ కౌంటర్లో కూర్చుందువుగాని, హాయిగా, ఫ్యాన్ కింద," అన్నాడు, ఆ హాయిగా అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు ఈ బల్ల దగ్గర నిలబడి, వైర్లు ఒలిచి ఒలిచి బొటనవేలి గోరు అరగదీసుకున్న మనిషికి ఫ్యాన్ గాలి చూపిస్తాడా, పైగా ప్రేమగా చూపిస్తాడు, అదీ కోపం, తిడితే తిరిగి తిట్టొచ్చు, ప్రేమగా పక్కకి జరిపేసేవాళ్ళని ఏం చేస్తాం. మీటరు తీసుకుని కారు దగ్గరికి నడిచాను. డ్రైవింగ్ స్కూలు టీచరమ్మ కారు ఇది, తెల్లది, నెత్తిమీద పసుపు బోర్డున్నది, ఇదే జబ్బుతో నాలుగోసారి వచ్చింది, టీచరమ్మ మాత్రం గేటు పక్క బల్ల మీద హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఆస్పత్రిలో మనిషిని లోపలికి పంపించిన చుట్టంలా కూర్చుంది.

జబ్బేమిటంటే ఏబీఎస్ దీపం, బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు పాడైతే వెలిగేది. స్కానర్ తగిలిస్తే ప్రతిసారీ ఒకటే పాట పాడుతుంది: ముందు ఎడమ చక్రం, స్పీడ్ సెన్సర్, సిగ్నల్ లేదు. చక్రంతోపాటు తిరిగే పళ్ళ రింగు ఒకటి ఉంటుంది, దాని పక్కనే వేలెడంత సెన్సర్, ఒక్కొక్క పన్ను ఎదురుగా వచ్చి వెళ్ళినప్పుడల్లా అది చిన్న కరెంటు తరంగం పుట్టించి రెండు వైర్ల మీద పెట్టెకి పంపిస్తుంది, నాలుగు చక్రాల నుంచీ అలా కబురు వస్తూ ఉంటే పెట్టె నిశ్చింతగా ఉంటుంది, ఒక్కదాని కబురు ఆగిపోతే అయ్యో ఆ చక్రం బిగుసుకుపోయిందనుకుని బ్రేకుని వదిలి పట్టి వదిలి పట్టి నానా హంగామా చేసి, ఆనక తప్పు తెలిసి దీపం వెలిగించి మూతి ముడుచుకుంటుంది. సెన్సర్ రెండుసార్లు మార్చాం. రెండుసార్లూ దీపం ఆరింది, రెండుసార్లూ వారం తిరక్కుండా వెలిగింది. మూడోసారి రింగు పళ్ళు బ్రష్షుతో తోమాను నేనే, ఒక్కో పన్నూ లెక్కపెట్టుకుంటూ తోమాను, ఒక్కటీ విరగలేదు. ఇప్పుడిక పెట్టే పాడైందని అన్నయ్య తీర్పు. పెట్టె పాడవలేదు, నాకు తెలుసు, ఎలా తెలుసంటే చెప్పలేను, చెప్పలేనిదాన్ని గంటలో రుజువు చెయ్యమంటున్నాడు.

లిఫ్ట్ మీద కారుని తల ఎత్తున లేపాను. చక్రం దగ్గర ప్లగ్గు ఊడదీసి సెన్సర్ రెండు కాళ్ళ మధ్య మీటరు పెడితే ఒకటీ పాయింట్ రెండు కిలో ఓంలు, నిక్షేపంలా ఉంది. ప్లగ్గు మళ్ళీ బిగించి, పైన పెట్టె దగ్గర ప్లగ్గు ఊడదీసి, డయాగ్రం చూసి ఆ రెండు పిన్నులే వెతికి పట్టుకుని అక్కడ కొలిస్తే అక్కడా ఒకటీ పాయింట్ రెండే, అంటే సెన్సర్ నుంచి పెట్టె దాకా దారి బాగున్నట్టే. వైరుని ఊపాను, ఒంచాను, గిల్లాను, అంకె కదల్లేదు. చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పితే వోల్టులు చక్కగా లేచి పడుతున్నాయి. అన్నీ బాగున్నాయి. అన్నీ బాగున్న బండే మనిషిని ఏడిపిస్తుంది. విరిగిపోయిందనుకో, విరిగినచోటు కనిపిస్తుంది, కాలిపోయిందనుకో, వాసనొస్తుంది, ఇదేమో మా దగ్గరికి రాగానే బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడుతుంది. బల్బు బాబాయి ఉంటే నవ్వేవాడు. నాకు పని నేర్పింది ఆయనే, సొంత బాబాయేం కాదు, అప్పట్లో మా షాపు ఎలక్ట్రీషియన్, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు పెట్టుకు తిరిగేవాడు. "మీటరుకి మొహమాటం ఎక్కువమ్మాయ్, ఒక్క పోగు మిగిలున్నా అంతా బాగుందనేస్తుంది. బల్బు అలా కాదు, దానికి కడుపునిండా కరెంటు కావాలి, చాలకపోతే అక్కడికక్కడే అలుగుతుంది," అనేవాడు. కళ్ళు కనపడక పని మానేసిన రోజున ఆ బల్బు నా చేతిలో పెట్టి వెళ్ళాడు. అది నా సొరుగులో ఉంది. అప్పుడే తీసి ఉండాల్సింది, తియ్యలేదు, మీటరు చెప్పింది కదా అని లిఫ్ట్ కిందే తిరుగుతున్నాను, గడియారం మూడుంబావు చూపించింది.

మూడుంబావు అంటే కౌంటర్లో నిద్ర ముంచుకొచ్చే వేళ. ఆరేళ్ళు కూర్చున్నాను ఆ అద్దాల వెనక. మా ఆయనా నేనూ ఎవరి దారిన వాళ్ళం పోయాక అన్నయ్య వచ్చి నా బట్టల పెట్టె తనే మోసుకుని తీసుకొచ్చి, ఒక్క ప్రశ్న అడక్కుండా, ఆ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, అందుకు ఈ జన్మకి రుణపడి ఉంటాను, కాదనను. కానీ ఆ కుర్చీలో నన్ను చూసిన ప్రతివాడూ నా తల మీదుగా లోపలికి తొంగిచూసి ఓనరు లేరా అని అడిగేవాడు, ఫిల్టరు కావాలన్నవాడూ అంతే, ఫ్యూజు కావాలన్నవాడూ అంతే. ఒకడికి చెప్పాను, నాయనా నీకు కావలసింది ఫ్యూజు కాదు, అది ఎందుకు పోతోందో తెలుసుకోవడం అని, వాడు నవ్వి ఓనరు లేరా అన్నాడు. ఆ మధ్యాహ్నాలే కాపాడాయి నన్ను. అటక మీద మూలుగుతున్న వైరింగ్ పుస్తకాలు దింపి, రంగు పెన్సిళ్ళు కొనుక్కుని, ఒక్కో వైరునీ దాని రంగుతోనే దిద్దుకుంటూ పోయాను, ముగ్గు వేసినంత ఇష్టంగా, ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో కన్ను చెదరకుండా. బల్బు బాబాయి ఓసారి భుజం మీదుగా చూసి, ఏమ్మాయ్, ఇదంతా అర్థమవుతోందా అన్నాడు. అర్థం కాకపోతే రంగు తప్పేదాన్ని కదా బాబాయ్ అన్నాను. మర్నాడు స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. ఆ స్క్రూడ్రైవర్ వదిలిపెట్టి ఇప్పుడు మళ్ళీ ఫ్యాన్ కిందకి పోవాలంటే, పోను, కాళ్ళు విరగ్గొట్టినా పోను.

అన్నయ్య అవతల ఇంకో బండికి టైరు బిగిస్తూ నా వైపు చూడనట్టు చూస్తున్నాడు. చెడ్డవాడు కాడు. చిన్నప్పుడు నా పుస్తకాలకి కూడా తనే అట్టలు వేసేవాడు, మూలలు అంత పొందిగ్గా మడిచేవాడు, టీచర్లు క్లాసంతా తిప్పి చూపించేవాళ్ళు, లోపల రాసిందెవరూ చూసేవాళ్ళు కాదు. ఇప్పటికీ అదే శుభ్రం. వైరు వేలాడకూడదు, పైపు ఊగకూడదు, ప్లాస్టిక్ టై వేసి చుట్టూ బిగించి, మిగిలిన తోకని మొదలంటా నున్నగా కోసేస్తాడు. ఆ కోయడం నా వల్లే మొదలైంది. నేను పనిలోకి వచ్చిన కొత్తలో ఎవడో సగం కోసి వదిలేసిన టై తోక నా మణికట్టుని చీరేసింది, ఐదు కుట్లు పడ్డాయి, ఆ రోజు నుంచి అన్నయ్య చేతిలో కోసిన టై తోక చేతికి తగలదు. షాపు పేరు చూడక్కర్లేదు, టై చూస్తే చాలు, ఇది మా అన్నయ్య కట్టిందని ఎంత చీకట్లోనైనా తడిమి చెప్పేస్తాను. రాత కూడా అంతే పొదుపు. జాబ్ కార్డు మీద కస్టమరు ఎంత చెప్పినా రెండే మాటలు రాస్తాడు. ఈ కారు కార్డు మీద ఏం రాశాడా అని తీసి చూశాను. ఏబీఎస్ లైటు. నాలుగు కార్డులు, నాలుగింటి మీదా ఏబీఎస్ లైటు.

"అమ్మాయ్, ఇంకెంతసేపు?" అంది టీచరమ్మ గేటు దగ్గర్నుంచి. ఆ గొంతు వింటే చాలు, నా కుడికాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంటుంది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే, ముప్ఫై ఆరో ఏట, బండ్లు బాగుచేస్తూ బండి నడపడం రాని సిగ్గు భరించలేక వెళ్ళాను, ఈ కారులోనే, అప్పటికి ఇది కొత్తది. పెద్ద ఖాళీ మైదానంలో సున్నంతో ఎనిమిది అంకె గీసేది, ఎనిమిది అంటే రెండు సున్నాలేనమ్మా, కుడి సున్నా ఒకటి, ఎడమ సున్నా ఒకటి, రెండూ వేస్తే పాసైనట్టే అనేది. నాకు కుడి సున్నా వెన్నలా వచ్చేది, ఎడమ సున్నా చచ్చినా వచ్చేది కాదు, స్టీరింగ్ ఎడమ చివరిదాకా తిప్పి పట్టుకోవాలి, తిప్పమ్మా, తిప్పు, ఇంకా ఉంది తిప్పు, అది విరగదు తిప్పు అని అరిచేది, గీత తొక్కినప్పుడల్లా డాష్‌బోర్డు మీద గాజులు మోగేలా చేత్తో కొట్టేది. రోజుకి ఎంతమంది, ఎన్నెన్ని ఎనిమిదులు. ఈ కారు తిన్నగా నడిచిందే తక్కువ, పుట్టినప్పటి నుంచీ సున్నాలు చుడుతూనే ఉంది పాపం. సున్నాలు. ఎడమ సున్నా. నా చేతిలో మీటరు అలాగే ఉండిపోయింది. ఆవిడ చెప్పింది కదా. మొదటిసారి కారు తెచ్చినప్పుడే చెప్పింది, నేను పళ్ళ మధ్య స్క్రూలు పెట్టుకుని పక్క కారు కింద ఉన్నాను, నా చెవిన పడింది, రెండోసారీ పడింది, మూడోసారీ పడింది. అన్నయ్య రాసుకోలేదని ఆడిపోసుకుంటున్నాను, విన్నదాన్ని నేనేం చేశాను, నేనూ స్కానర్ చెప్పిందే విన్నాను.

పరుగులాంటి నడకతో గేటు దగ్గరికి వెళ్ళాను. "టీచరమ్మా, మొదటి రోజు మా అన్నయ్యతో ఏం చెప్పారో అది ఇంకోసారి చెప్పండి, ఒక్క ముక్క కూడా వదలకుండా."

"ఎన్నిసార్లు చెప్పను? ఎనిమిది వేసేటప్పుడు, ఎడమ సున్నాలో, స్టీరింగ్ చివరిదాకా తిప్పి బ్రేకు మీద కాలు పెడితే, పెడల్ కింద కప్ప గెంతినట్టు ఉంటోంది. ఆ తర్వాత దీపం వెలుగుతోంది. మొన్న ఒక పిల్ల ఆ గెంతుకి హడలిపోయి కారు దిగి ఏడ్చింది."

"కుడి సున్నాలో?"

"నిమ్మళంగానే ఉంటుంది."

కుడి సున్నాలో నిమ్మళంగా ఉంటుంది! ఈ మాట వినకనా నేను రింగు పళ్ళు తోమింది, సెన్సర్లు మార్చింది, తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, అదే క్షణంలో ఎగిరి గంతెయ్యాలనీ అనిపించింది. మేమందరం చేసే తప్పు ఒకటే, బండి రాగానే లిఫ్ట్ ఎక్కించేస్తాం, చక్రాలు తిన్నగా గాల్లో వేలాడుతుంటే కొలిచి బాగుందంటాం, అన్నయ్య టెస్ట్ డ్రైవ్ అంటారా, ముక్కుసూటిగా పెద్ద రోడ్డు ఎక్కి ముక్కుసూటిగా వెనక్కి రావడం. ఎడమకి చివరిదాకా తిప్పి ఎవరూ కొలవలేదు. ఎవరు తిప్పుతారు, అంత తిప్పడం ఎనిమిది నేర్చుకునేవాళ్ళకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. లిఫ్ట్ దించాను. కారు నాలుగు కాళ్ళ మీదా బరువుగా కూర్చుంది. సొరుగు లాగి బల్బు బాబాయి బల్బు తీశాను. చక్రం దగ్గర ప్లగ్గూ పెట్టె దగ్గర ప్లగ్గూ రెండూ ఊడదీసి, వాటి మధ్యనున్న రెండు వైర్లలో మొదటిదాని కింది కొసకి బ్యాటరీ కరెంటు ఇచ్చి, పై కొసకి బల్బు తగిలించి, బల్బుని పొడుగు తీగతో కిటికీలోంచి లోపలికి తెచ్చి అద్దానికి వేలాడదీశాను. ఇంజను స్టార్ట్ చేసి సీట్లో కూర్చున్నాను. బల్బు వెలుగుతోంది. కుడికి చివరిదాకా తిప్పాను, వెలుగుతోంది, ఎడమకి చివరిదాకా తిప్పాను, వెలుగుతూనే ఉంది. ఇంకో వైరుంది కదే, ఇంకో వైరుంది, అనుకుంటూ దిగి, రెండోదానికి మార్చి, మళ్ళీ ఎక్కాను. గడియారం వైపు చూడదలుచుకోలేదు, చూశాను, నాలుగుకి పన్నెండు నిమిషాలు. వెలుగుతోంది. కుడి సున్నా. వెలుగుతోంది. ఎడమకి, సగం, ముప్పావు, తిప్పమ్మా తిప్పు, ఇంకా ఉంది తిప్పు, అది విరగదు, చివరి నాలుగు వేళ్ళ దూరంలో బల్బు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. వెనక్కి తిప్పితే వెలిగింది. ఎడమకి తిప్పితే ఆరింది. వెలిగించాను, ఆర్పాను, వెలిగించాను, ఆర్పాను, చంటిపిల్లలా ఎన్నిసార్లు ఆడానో తెలియదు, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో కూడా తెలియదు, "దొరికావే దొంగముండా!" అని అరిస్తే ఆ అరుపుకి కంప్రెసర్ దగ్గరున్నవాళ్ళంతా తలలెత్తి చూశారు.

ఇంజను ఆపి, ఎడమ చక్రం వెనకాల దూరి, ప్లగ్గు నుంచి పైకి షాక్ అబ్జార్బర్ వెంబడి వైరుని వేళ్ళతో తడుముకుంటూ పోయాను. పైతొడుగు నున్నగా ఉంది, ఎక్కడా చీలిక లేదు. అంగుళం అంగుళం పట్టుకుని రెండు చేతులతో లాగాను, రాగి ఉన్నచోట వైరు సాగదు. షాక్ అబ్జార్బర్ మధ్యకొచ్చేసరికి లంగా నడుంపట్టీలో ఎలాస్టిక్‌లా సాగింది. లోపల రాగి తెగిపోయింది, తెగిన కొసలు రెండూ తిన్నగా ఉంటే ముట్టుకుంటాయి, ఎడమకి లాగితే విడిపోతాయి. అక్కడే ఎందుకు తెగిందో వేలికి ముందు తెలిసింది, కంటికి తర్వాత కనపడింది. వదులుగా ఊగుతూ ఉండాల్సిన వైరు అక్కడ షాక్ అబ్జార్బర్‌కి ప్లాస్టిక్ టైతో బిగించి ఉంది. గట్టిగా, పొందిగ్గా. తోక మొదలంటా కోసి ఉంది, నున్నగా, చేతికి తగలకుండా.

పాపం అనిపించిందా అంటే అబద్ధం చెప్పను, ముందు అనిపించలేదు. పట్టరాని సంతోషం కలిగింది. పోయినేడాది షాక్ అబ్జార్బర్లు మార్చింది తనే. "అన్నయ్యా, ఒక్కసారి ఇలా వస్తావా?" అన్నాను, గొంతులో చక్కెర కలుపుకుని. వచ్చాడు. మోకాళ్ళ నొప్పితో కింద కూర్చోవడం మానేసి ఆర్నెల్లయింది, ఆ మనిషి చక్రం పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగాడు, నేను లైటు పట్టుకుంటే లోపలికి తల పెట్టి చూశాడు, వేలితో టైని తడిమాడు, వైరుని లాగాడు, అది సాగింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ సాగింది.

"నేనే కట్టాను," అన్నాడు.

"అవును, నువ్వే." పదకొండేళ్ళుగా దాచిపెట్టుకున్నవన్నీ నాలిక చివరికి వచ్చి నిలబడ్డాయి. తల తిప్పి చూశాడు, చూసింది నా మొహం కాదు, నా మణికట్టు మీది కుట్ల మచ్చ. వచ్చిన మాటలన్నీ వెనక్కి పోయాయి. "టైము ఎంతయింది?" అన్నాను. "నాలుగుకి ఐదు," అన్నాడు. "అయితే లే, నాకు చోటు కావాలి," అన్నాను. చెయ్యి అందిస్తే పట్టుకుని లేచాడు.

తెగినచోట అతికిస్తే మళ్ళీ అక్కడే తెగుతుంది, అందుకని ప్లగ్గు నుంచి బాడీ దాకా రెండు వైర్లూ కొత్తవి వేశాను, మెత్తటివి, అతుకులు ఏదీ కదలని పైచోట పెట్టి, స్టీరింగ్ రెండు చివర్లకీ సరిపోయేలా వైరుకి కాస్త వదులు ఉంచాను. అన్నయ్య కత్తెర అందిస్తూ, టై అందించబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షాపు వెనక ఆవరణలో టీచరమ్మ తన సున్నం డబ్బా డిక్కీలోంచి తీసి తనే ఎనిమిది గీసింది. నేను స్టీరింగ్ దగ్గర, ఆవిడ పక్కన, అన్నయ్య వెనక సీట్లో, స్కానర్ ఒళ్ళో పెట్టుకుని. కుడి సున్నా వేశాను. ఎడమకి తిప్పాను, చివరిదాకా, ఇక తిరగదనేదాకా తిప్పి బ్రేకు మీద కాలు పెట్టాను. పెడల్ దిండులా మెత్తగా దిగింది. దీపం లేదు. స్కానర్‌లో నాలుగు చక్రాల అంకెలూ చివరిదాకా కలిసే దిగాయని అన్నయ్య గట్టిగా చదివాడు. "ఇంకోటి వెయ్యి," అంది టీచరమ్మ, వేశాను, ఇంకోటి వేశాను, గీత ఒక్కసారి కూడా తొక్కలేదు, పదో సున్నా దగ్గర ఆవిడ డాష్‌బోర్డు మీద గాజులు మోగేలా కొట్టి, "పాస్!" అని అరిచింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. రానీ, తుడుచుకోలేదు.

దిగాక అన్నయ్య ఫోన్ తీసుకుని గేటు వైపు నడిచాడు. "సోమవారం అక్కర్లేదండీ. లేదండీ, మా ఎలక్ట్రీషియన్ ఉన్నారు," అనడం వినపడింది. తిరిగి వచ్చి కౌంటర్లోకి వెళ్ళి, ఫ్యాన్ కింద ఆ కుర్చీలో తనే కూర్చుని, సొరుగులోంచి కొత్త జాబ్ కార్డు తీసి, ఏబీఎస్ అని రాయబోయి ఆగాడు. కార్డుని నా వైపు తిప్పి, పైన పెన్ను పెట్టాడు.

"ఆవిడ ఏం చెప్పారో నువ్వు రాయి. ఇకనుంచి అందరివీ నువ్వే రాయి, నేను వినను, నా సంగతి నీకు తెలుసు కదా."

నల్లగా ఉన్న చేతులతోనే పెన్ను అందుకున్నాను. కార్డు మూల మీద నా వేలిముద్ర పడింది. ఎనిమిది వేసేటప్పుడు, ఎడమ సున్నాలో, స్టీరింగ్ చివరిదాకా తిప్పి బ్రేకు మీద కాలు పెడితే, పెడల్ కింద కప్ప గెంతినట్టు. కప్పని కూడా వదల్లేదు. చోటు చాలక పక్కకి తిప్పి అంచు వెంబడి రాశాను.

"టీచరమ్మా, కారు గురించి ఇంకేమైనా చెప్పాలా?"

"చెప్పాలంటే చాలా ఉన్నాయమ్మాయ్, వినేవాళ్ళుండాలి గాని."

వెనక్కి తిప్పి ఖాళీ వైపు పెట్టుకున్నాను. "చెప్పండి," అన్నాను, "రాసుకుంటున్నాను."